ఎదురుగా కూర్చుని చూసిన చూపు

మా అమ్మ అక్షరాలు దిద్దింది 1991లో, తన ముప్పై ఏడో ఏట. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని మా ఊళ్లో, రాములవారి గుడి పక్కనున్న రేకుల వసారాలో, చీకటి పడ్డాక పాతికమంది ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవారు. ఆ ఏడాది జిల్లా అంతటా ‘అక్షర దీపం’ పేరుతో సాక్షరతా ఉద్యమం మొదలైంది. ఏడో తరగతి చదువుతున్న నేను అమ్మకు తోడుగా వెళ్లి, లాంతరును ఎవరికి కావలసి వస్తే వారి వైపు జరుపుతూ ఉండేదాన్ని. పొగాకు కోతల రోజులు కావడంతో అమ్మ చూపుడు వేలికి ఆకు జిగురు నల్లగా అంటుకుని ఉండేది. ఆ వేలితోనే ఒక్కో అక్షరాన్నీ తాకుతూ చదివేది కనుక ఆమె వాచకంలో ప్రతి పంక్తి కింద సన్నటి మసక చార పడింది. ఆ పుస్తకం అంచులు చిరిగిపోయినా ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందులో సీతమ్మ కథ అనే పాఠం ఒకటి ఉంది. భర్త తాగుడుతో సంసారం చితికిపోయిన ఒక పేదరాలి కథ అది. ఆ పాఠం పూర్తయిన రాత్రి ఇంటికి నడుస్తూ అమ్మ, “ఈ కథ రాసినాయనకు మన వీధి సంగతి ఎవరు చెప్పారో” అంది. మా నాయనకు తాగుడు అలవాటు లేదు కానీ, పక్క ఇంట్లో ఉండే పెదనాయన కూలి డబ్బులో సగం సారాకే పోయేది. అప్పట్లో సారా కోసం ఎవరూ ఊరు దాటి వెళ్లవలసిన అవసరం లేదు. 1980లలో ‘వారుణి వాహిని’ అనే పేరుతో ప్రభుత్వమే ప్లాస్టిక్ ప్యాకెట్లలో సారాను సరఫరా చేసే ఏర్పాటు చేసింది. మంచినీళ్ల కోసం మైలు దూరం నడిచే ఊళ్లకు కూడా సారా ప్యాకెట్లు ఇంటి గుమ్మం దాకా వచ్చేవి.

కలిగిరి మండలం దూబగుంటలో కూడా ఆడవాళ్లు అదే వాచకం చదివారు. చదివి, దాని మీద మాట్లాడుకుని, ఊళ్లోని సారా దుకాణాన్ని మూయించారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను ఆ తరువాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మగానే గుర్తు పెట్టుకుంది. ఆమె 2016లో కన్నుమూశారు. ఇంతవరకు చాలామందికి తెలిసిన చరిత్రే. నేను ఆగి చెప్పదలచుకున్నది ఆ తరువాత జరిగిన చిన్న సంగతి గురించి. అక్షరాస్యులైన వారి కోసం తయారు చేసిన ‘చదువు వెలుగు’ అనే పుస్తకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠం వచ్చింది. అది దూబగుంట కథ. మొదటి పుస్తకం చదివి లేచి నిలబడిన ఆడవాళ్లు రెండో పుస్తకంలో పాఠమయ్యారు.

ఈ రెండు పాఠాల మధ్య ఉన్న తేడాను నేను అప్పుడు గమనించలేదు. ఎన్నో ఏళ్ల తరువాత, నేను తెలుగు ఉపాధ్యాయురాలినయ్యాక, అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పిన మాట నాకు ఏ పాత్రికేయ పాఠశాలా నేర్పలేనిది. “సీతమ్మ కథ చదివినప్పుడు ఏడుపొచ్చింది. రెండోది చదివినప్పుడు లెక్కలు వేసుకున్నాం” అంది. ఏం లెక్కలమ్మా అంటే వేళ్లు మడుస్తూ చెప్పింది: ఊళ్లో గట్టిగా నిలబడేవాళ్లు ఎందరు, ప్యాకెట్ల బండి ఏ పూట వస్తుంది, దాన్ని ఊరి మొదట్లో ఆపాలా దుకాణం ముందు ఆపాలా, కూలి మానుకుంటే ఎవరింట్లో పొయ్యి వెలగదు, అలాంటి ఇంటికి ఎవరు గింజలు సర్దాలి. ఏడుపు తెప్పించిన పాఠం తప్పు పాఠమని నేను అనడం లేదు. అది లేకపోతే రెండోది పుట్టేదే కాదు. కానీ మొదటిది చదివిన మనిషికి తన కష్టం తన ఒక్కదానిదే కాదని తెలుస్తుంది, రెండోది చదివిన మనిషికి చేయవలసిన పని తెలుస్తుంది. ఆశ కలిగించే రాత అంటే నాకు ఇదే అర్థం. పక్క ఊరి మనిషి ఒక పనిని ఎలా చేసిందో, చదివినవారు మరునాడు తామూ మొదలుపెట్టగలిగేంత వివరంగా, నిజాయితీగా చెప్పే రాత.

1992లో పత్రికలు ఆ పని చేశాయి. ముఖ్యంగా ‘ఈనాడు’ సారా వ్యతిరేక ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఆ పత్రిక ఉత్సాహం వెనుక రాజకీయ ప్రయోజనం ఉందన్న విమర్శ అప్పుడే వినిపించింది, దాన్ని కొట్టిపారేయవలసిన అవసరం నాకు కనిపించదు. అయితే మా ఊరి వసారాలో ఆ పేజీ చేసిన పని మాత్రం నేను కళ్లారా చూశాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చే పత్రికను టీ దుకాణంలో మగవాళ్లు చదివాక, నేను అడిగి తెచ్చేదాన్ని. అమ్మావాళ్లు మొదట ఊళ్ల పేర్లు వెతికేవారు. తెలిసిన ఊరి పేరు కనిపిస్తే చాలు, “అది మా చిన్నక్కను ఇచ్చిన ఊరే” అంటూ కూడబలుక్కుని మిగతా వార్త చదివేవారు. ఒక ఊళ్లో చీపుర్లు పట్టుకుని నిలబడ్డారని, మరో ఊళ్లో కారం పొడి చేతపట్టుకున్నారని, ఇంకో ఊళ్లో తాగి వచ్చిన మగవాళ్లకు అన్నం పెట్టలేదని చదివి, తమ ఊరికి ఏది పనికొస్తుందో తేల్చుకునేవారు. పెద్ద నాయకుల ప్రసంగాలు ఆ పేజీలో ఉన్నా, అమ్మావాళ్లు వాటి మీద వేలు పెట్టినట్టు నాకు గుర్తు లేదు.

జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్లు పదే పదే అడ్డుకున్నారు. చివరకు 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం అమలు చేసింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ చివరి వాక్యాన్ని దాచిపెట్టి దూబగుంట కథ చెప్పేవారిని చాలామందిని చూశాను. అది ఆడవాళ్లకు చేసే అన్యాయమని నా నమ్మకం. గెలుపు వార్త వచ్చాక మా ఊరికి విలేకరులు రావడం తగ్గిపోయింది. కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. నాటుసారా బట్టీలు తోటల్లోకి చేరాయి, పొరుగు రాష్ట్రాల సరుకు రాత్రివేళల్లో దిగేది, నిన్నటిదాకా కలిసి నిలబడిన ఆడవాళ్ల మధ్యే “మీ ఇంటాయనే తెస్తున్నాడు” అనే మాటలు పుట్టాయి. ఆ కాలంలో ఏ ఊరివాళ్లు ఐకమత్యం ఎలా నిలుపుకున్నారో, ఎక్కడ ఓడిపోయారో, ఓడిపోయాక ఏం చేశారో ఎవరైనా శ్రద్ధగా రాసి ఉంటే మా అమ్మావాళ్లకు రెండోసారి లెక్కలు వేసుకునే వీలుండేది. వేడుకను మాత్రమే రాసి, కాపలా కాసిన రాత్రులను వదిలేసే పత్రిక ఆశను సగంలో తుంచేస్తుంది. అలాంటి సగం ఆశ మనిషిని నిరాశ కంటే ఎక్కువ కుంగదీస్తుందని మా పెద్దమ్మను చూసి తెలుసుకున్నాను. పెదనాయన మళ్లీ తాగడం మొదలుపెట్టినప్పుడు ఆమె తన ఒక్క ఇంట్లోనే ఉద్యమం ఓడిపోయిందనుకుని, మిగతావారికి మొహం చూపించడానికి సిగ్గుపడి, కొంతకాలం గుడి వైపు రావడమే మానేసింది.

చెడును ఎండగట్టడం, మంచికి దారి చూపడం వేర్వేరు పనులని ఇప్పుడు కొందరు విడదీసి మాట్లాడుతున్నారు. తెలుగులో పత్రికలు పుట్టినప్పుడు ఆ విభజన లేదు. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ ప్రారంభించి, రాజమండ్రిలో అధికారుల లంచగొండితనాన్ని పేరుపేరునా బయటపెట్టారు. అదే మనిషి 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించారు. దుస్థితిని ఎత్తి చూపిన కలమే, దాని నుంచి బయటపడే మార్గాన్ని కూడా రాసింది. రాసి ఊరుకోక ఆచరణలో పెట్టింది.

ఇదంతా నాకు ఎందుకు ఇంత ముఖ్యమైందో చెప్పడానికి 2021 వేసవికి రావాలి. కరోనా రెండో ఉధృతిలో నాయనకు జ్వరం వచ్చింది. వెనుక గదిలో విడిగా ఉంచాం, కాలక్షేపానికి చిన్న టీవీ పెట్టాం. అది నేను చేసిన పెద్ద పొరపాటు. ఆయన చూసిన ఛానెల్‌లో పొద్దున లేచింది మొదలు ఎర్రటి అక్షరాలు, అంబులెన్సు మోత, శ్మశానం దగ్గర వరుస కట్టిన వాహనాలు, వాటి వెనుక గుండె అదిరే సంగీతం. ఆ వార్తలు అబద్ధాలని నేను అనను. అన్నీ జరిగినవే, చెప్పి తీరవలసినవే. కానీ ఒకే దృశ్యాన్ని గంటకు ఇరవైసార్లు చూపించేవారు, ఆ దృశ్యం చూస్తున్న రోగి ఏం చేయాలో ఒక్కసారి కూడా చెప్పేవారు కాదు. మూడో రోజుకు నాయన అన్నం మానేశారు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరును ఐదు నిమిషాలకొకసారి పెట్టుకుని, వణుకుతున్న వేలితో అంకె సరిగ్గా రాక, ఆ అంకెను చూసి మళ్లీ వణికేవారు.

మా తమ్ముడు టీవీ తీసేసి ఆయన పాత రేడియోను కిటికీలో పెట్టాడు. ఆకాశవాణిలో ఒక వైద్యుడు శ్రోతల ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రిని సంప్రదించాలని, ఈలోగా బోర్లా పడుకోవడం ఊపిరితిత్తులకు సాయపడుతుందని, దిండ్లు మెడ కింద ఒకటి, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటి రెండు, ముంగాళ్ల కింద రెండు ఎలా సర్దుకోవాలో తొందర లేకుండా వివరించారు. కోలుకున్న ఒక రైతు ఫోనులో మాట్లాడుతూ తనకు ఏ రోజు భయం వేసిందో, ఏ రోజు ఆకలి పుట్టిందో చెప్పాడు. నాయన ఆ మాట విని, “నాది ఆరో రోజు, ఆయనకు ఎనిమిదో రోజు ఆకలైందంట” అని కిటికీ అవతల ఉన్న మాతో అన్నారు. ఆ రోజు పెరుగన్నం తిన్నారు. ఆయనను రేడియో బతికించిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. మందులు, వైద్యులు, అదృష్టం అన్నీ కలిసి వచ్చాయి. కానీ ఆ మనిషి తన జబ్బును రోజుల్లో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది మాత్రం ఆ మాట విన్నాకే. అమ్మ 1992 నాటి సంగతిగా చెప్పిన ‘లెక్కలు’ నాకు మళ్లీ వినిపించాయి.

అప్పటి నుంచి ఇలాంటి మాధ్యమం ఎక్కడైనా పద్ధతిగా, ఏళ్ల తరబడి నడిచిందా అని వెతుకుతూ వచ్చాను. నాకు దొరికిన గొప్ప ఉదాహరణ తెలంగాణలో జహీరాబాద్ దగ్గరి మాచనూరు గ్రామంలోని సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఊరూరా సంఘాలుగా ఏర్పడిన దళిత మహిళలు నడిపే రేడియో అది. దానికి కావలసిన పరికరాలు 1990ల చివరికే యునెస్కో తోడ్పాటుతో సమకూరాయి. కానీ ప్రసారానికి అనుమతి లేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు సముదాయ రేడియో (కమ్యూనిటీ రేడియో) పెట్టుకోవడానికి ప్రభుత్వం 2006లో గాని దారి ఇవ్వలేదు. ఆ దాదాపు పదేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘాల సమావేశాలకు తీసుకువెళ్లి వినిపించారు. 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్‌ఎం మీద ప్రసారం మొదలైంది. దాన్ని నడిపినవారు అల్గోల్ నర్సమ్మ, ‘జనరల్’ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు.

అక్కడ మాట్లాడేది వ్యవసాయ శాఖ అధికారి కాదు. పొద్దంతా చేనులో పని చేసి వచ్చిన అవ్వ. కొర్రలు, సామలు, పచ్చజొన్న, కంది, అనుములు ఒకే చేలో ఎలా కలిపి విత్తాలో, విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి మరుసటి కార్తె దాకా పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో, తను చేసిన పనిని తన యాసలోనే చెబుతుంది. నాట్ల పాట, బతుకమ్మ పాట, పిల్లల జబ్బులకు చేసే వైద్యం, ఊరి పండుగ ముచ్చట్లు అన్నీ వస్తాయి. జహీరాబాద్ ప్రాంతపు తెలుగు రేడియోలో వినబడటమే ఆ ఊళ్లకు ఒక గౌరవం. ‘మీ భాష మోటు, మీ తిండి పేదల తిండి, మీ విత్తనం పాతది’ అని దశాబ్దాలుగా విన్న చెవులకు, తమ గొంతే యంత్రంలోంచి తిరిగి వినిపించినప్పుడు కలిగే ధైర్యాన్ని ఏ ప్రకటనా కొనివ్వలేదు. చిరుధాన్యాల ముచ్చట 2023లో, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ సంవత్సరంలో, నగరాల దాకా వచ్చింది. ఈ ఆడవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి, ఎడ్లబండ్లలో విత్తనాలు పేర్చుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తూనే ఉన్నారు. 2019లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది.

మన దేశంలో సముదాయ రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆ నిబంధన తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఊరి గురించి ఊరివాళ్లే వార్త చెప్పుకోలేకపోవడం కంటే విచిత్రం ఏముంటుంది?

రేడియోతో పాటు ఆ సంఘాల ఆడవాళ్లు వీడియో కెమెరా కూడా పట్టారు. చదువు రాని ఆ మహిళలు కెమెరా కోణాలకు తమ జీవితంలోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్‌ను ‘పటేల్ షాట్’ అన్నారు, ఎందుకంటే గడీ అరుగు మీద నిలబడిన పటేలు వాళ్లను అలాగే చూసేవాడు. కిందనుంచి పైకి చూసేది, ఆ పటేలు ముందు వంగి నిలబడిన జీతగాడి చూపు. ఇక కెమెరా కళ్లకు సమంగా ఉంటే అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ చాప మీద ఒకరికి ఎదురుగా ఒకరు కూర్చుంటారు కనుక. ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్న రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మా నాయనను భయపెట్టిన టీవీ చూపు ఏదో, మా అమ్మకు బలం ఇచ్చిన పాఠం చూపు ఏదో నాకు పేర్లతో సహా తెలిసింది. పేదల కష్టాన్ని పైనుంచి జాలిగా చూపే కథనం పటేల్ షాట్. ఒక విజేతను ఆకాశానికెత్తి, మనందరినీ మెడ వెనక్కి వంచి చూడమనే ‘స్ఫూర్తి కథనం’ జీతగాడి చూపు. అది పొగడ్తలా కనిపిస్తుంది కానీ చూసేవాడిని చిన్నవాడిని చేస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకున్న ఒక పేద పిల్ల ఫోటో పత్రికలో వచ్చిన రోజు మా తరగతిలో మిగతా ముప్పైమంది పిల్లలు తల దించుకుని కూర్చోవడం నేను చూశాను. ఆ పిల్ల సాయంత్రం ఎవరి పంచన కూర్చుని చదివిందో, ఏ లెక్క అర్థం కాక ఎవరిని అడిగిందో రాసి ఉంటే ఆ ముప్పైమందికీ పనికొచ్చేది.

ఆ తరువాతే మా పాఠశాలలో గోడపత్రిక మొదలుపెట్టాం. నెలకు ఒక పెద్ద కాగితం, పిల్లల చేతిరాత, పంచాయతీ ఆఫీసు ఎదురుగా ఉన్న బడి ప్రహరీకి బయటివైపున అతికిస్తాం. ప్రతి కథనంలో రెండు సంగతులు తప్పనిసరిగా ఉండాలని పిల్లలే నియమం పెట్టుకున్నారు: ఆ పని ఎలా చేశారు, అందులో ఏది కుదరలేదు. రెండో ప్రశ్న అడగడానికి పిల్లలు మొదట మొహమాటపడ్డారు. కానీ ఆశ్చర్యంగా, పెద్దవాళ్లు ఎక్కువసేపు మాట్లాడేది ఆ ప్రశ్నకే.

కిందటి సారి తొమ్మిదో తరగతి పిల్లవాడు వాళ్ల అమ్మ గురించే రాశాడు. పదేళ్ల తరువాత ఆమె అరెకరంలో మళ్లీ కొర్ర వేసింది. చుట్టుపక్కల మరెవరూ వేయకపోవడంతో ఊళ్లో ఉన్న పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలాయి. చేతికి వచ్చింది ఒక్క గోతాం. “మా అమ్మ మంచె మీద కూర్చుని ఏడ్చింది” అని వాడు రాస్తే, గోడ మీద పెడితే అమ్మకు నామోషీ కదా అని నేను అడిగాను. “అమ్మే రాయమంది మేడం” అన్నాడు. మరుసటి ఏడాది ఆమె చెల్లెల్నీ పక్క చేను వాళ్లనూ ఒప్పించి నలుగురితో కలిసి ఒకే కార్తెలో విత్తించింది. పిట్టలు నాలుగు చేలకూ పంచుకుపోయాయి, నష్టం కూడా నలుగురికీ పంచుకుపోయింది. ఈసారి ఎన్ని గోతాలు వచ్చాయో, నూర్చడానికి ఎక్కడ ఇబ్బంది పడ్డారో, పొట్టు తీసే మర దగ్గరలో లేక ఎంత దూరం మోశారో అన్నీ రాశాడు.

కాగితం అతికించిన మూడో రోజు, బడి వదిలాక, పక్క ఊరి ఆమె ఒకరు సైకిలు మీద పెనిమిటితో వచ్చి గోడ ముందు నిలబడ్డారు. చదవడం వచ్చినట్టుంది, వేలు పంక్తి కింద జరుపుతూ పెదాలు కదుపుతున్నారు. చివరిదాకా చదివి, గేటు మూస్తున్న నా వైపు తిరిగి, “ఏ కార్తెలో విత్తారో రాయలేదేమ్మా?” అని అడిగారు. పిల్లవాడిని పిలిపించాను. వాడు పెన్సిలు తెచ్చి, కాగితం అంచున ఖాళీ ఉన్నచోట రాయడానికి గోడకు ఆనుకుని వంగాడు.